పక్కన పెట్టిన గ్లాసు

మొన్న వానలప్పుడు మా అమ్మాయి బెంగళూరు నుంచి ఒక పుస్తకం పంపింది. లోపల చిన్న చీటీ. "నాన్నా, ఇది నువ్వు ఉండొచ్చిన ఊళ్ల కథట. చదివి చెప్పు." అట్ట చూసి పక్కన పడేశాను. రిటైరయ్యాక చదువుదామని దాచుకున్న పుస్తకాలతో బీరువా ఇప్పటికే నిండిపోయింది.

రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫోన్లో ఛార్జింగూ లేదు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని తెరిచాను. ఒకయామా అన్న మాట కనిపించింది. జపాన్‌లో నేను పనిచేసిన ప్రాంతం. తర్వాత ఒక నది, నదికి అవతల ఒక పల్లె. ఆ నది ఏదో నాకు తెలుసు. దాని వంతెన మీద ఎండలో నడిచాను. మా ఆవిడ కాఫీ పెట్టుకొచ్చి పక్కన పెడితే చల్లారిపోయేదాకా చూళ్లేదు.

పుస్తకం పేరు 'ది హోన్‌జిన్ మర్డర్స్'. రాసినాయన యోకోమిజో సేషి. 1946లో ఒక జపాన్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. లూయీజ్ హీల్ కవాయ్ అనే ఆవిడ చేసిన ఇంగ్లీషు అనువాదం 2019లో వచ్చింది. మధ్యలో డెబ్బై మూడేళ్లు! నేను ఆ ఊళ్ల పక్కన రెండున్నరేళ్లున్నప్పుడు ఇది ఇంగ్లీషులో లేదు, జపనీస్‌లో చదివేంత భాష నాకు రాదు. కాబట్టి చదవలేదన్న తప్పు నాది కాదని సర్దిచెప్పుకున్నాను.

*

నేనున్నది మిజుషిమలో. కురాషికి పట్టణానికి దక్షిణాన, సముద్రం ఒడ్డున. ఉక్కు, కార్లు, పెట్రోలు, అన్నీ అక్కడే. కురాషికి అంటే కాలవ గట్టు, తెల్ల గోడల పాత గోదాములు, ఫొటోలు దిగే టూరిస్టులు. మిజుషిమ అంటే పొగగొట్టాలు. మా కంపెనీ పని మీద పంపింది. క్వార్టర్స్‌లో ఆరు చాపల గది ఇచ్చారు. అక్కడ గది ఎంత పెద్దదో చాపల లెక్కలోనే చెప్తారు. ఆ తతామీ చాపల వాసన, కొత్తగా కోసిన గడ్డి మీద చినుకు పడితే వచ్చే వాసనలా ఉండేది. రాత్రి దీపం ఆర్పగానే మా ఊరి గడ్డివాము పక్కన పడుకున్నట్టుండేది. మొదటి నెలంతా ఆ వాసనకే ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

శబ్దాలు ఇంకా బాగా గుర్తున్నాయి. చలికాలం సాయంత్రాలు కిరసనాయిల్ అమ్మే చిన్న లారీ సందు సందుకీ తిరిగేది, మైకులో పిల్లల పాట పెట్టుకుని. ఆ పాట వినగానే ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు. సాయంత్రం ఐదింటికి స్తంభాల మీది స్పీకర్లలో ఇంకో పాట వచ్చేది, పిల్లలూ ఇక ఇళ్లకి పోండి అన్నట్టు. కొత్త సంవత్సరం వారం రోజులూ ఏ కొట్లోకి వెళ్లినా కోటో వాద్యం. పదమూడు తీగలు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటికీ గోళ్లలాంటివి తొడుక్కుని మీటుతారు. ముల్లంగి, బియ్యం కొనుక్కుంటుంటే వెనక నుంచి ఆ మోత. వీణలా ఉంటుంది కానీ వీణ కాదు. వీణలో గమకం మనసుని కాస్త ఊపి వదుల్తుంది. ఇది ఒక్కో చుక్కా విడివిడిగా పడుతుంది, చూరు నుంచి నీళ్లు కారినట్టు.

ఈ నవల్లో ఆ కోటో మోగేది తెల్లవారుజామున నాలుగింటికి. పెళ్లయిన రాత్రి. బయట మంచు. వరుడూ వధువూ పడుకున్న విడి ఇంట్లోంచి అరుపులు, వాటితోపాటు ఎవరో పిచ్చిగా తీగలు మీటిన శబ్దం. తలుపులు బద్దలుకొట్టి చూస్తే ఇద్దరూ రక్తపు మడుగులో ఉన్నారు. తలుపులన్నీ లోపలి నుంచే గడియ వేసున్నాయి. మంచు మీద అడుగుల జాడ లేదు. కత్తి మాత్రం బయట తోటలో, రాతి దీపస్తంభం పక్కన మంచులో గుచ్చి ఉంది.

ఇంతవరకూ చెప్తే తప్పులేదు, మొదట్లోనే వస్తుంది. ఎవరు, ఎలా అన్నది నా నోటి వెంట రాదు. దానికో కారణం ఉంది.

*

మాది తెనాలి దగ్గర పల్లె. హైస్కూలుకి టౌనుకి వెళ్లేవాణ్ని. బస్టాండు పక్క సందులో అద్దె పుస్తకాల షాపు. షాపంటే, రెండిళ్ల గోడల మధ్య మిగిలిన జాగాకి రేకు కప్పి పెట్టిన అరలు. పాకెట్ సైజు డిటెక్టివ్ నవలలు, వాటికి సిమెంటు బస్తా కాగితం అట్ట, దాని మీద బ్రష్షుతో నంబరు. రోజుకి పావలా. ఆలస్యమైతే ఇంకో పావలా. షాపాయన తల ఎత్తకుండానే మన నంబరు చెప్పేవాడు.

కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ అంటే నాకు ప్రాణం. ఆయన అసిస్టెంటు రాజు అంటే ఇంకా ప్రాణం, ఎందుకంటే ఆ స్థానంలో నేనున్నట్టు ఊహించుకునేవాణ్ని. కానీ ఆ పుస్తకాల్లో ఒక గొడవ. మాకంటే ముందు చదివిన పుణ్యాత్ముడెవరో మొదటి పేజీలోనే పెన్సిలుతో, కొన్నిసార్లు ఇంకుతోనే, "హంతకుడు ఫలానా" అని రాసి పెట్టేవాడు. కొట్టేసినా కనపడేంత గట్టిగా. ఒకసారి షాపాయన్ని అడిగాను, ఎవరండీ ఇలా రాసేది అని. "తెలిస్తే చంపేద్దును" అన్నాడు, తల ఎత్తకుండానే. అప్పట్నుంచి డిటెక్టివ్ నవల ముగింపు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

ఇంకో సంగతి అప్పుడే గమనించాను. యుగంధర్ మద్రాసులో ఉంటాడు. కారు, టెలిఫోను, హోటలు గదులు. మా ఊళ్లాంటి ఊరికి డిటెక్టివ్ ఎప్పుడూ రాడు. మా ఊళ్లో హత్యలు జరగలేదా అంటే జరిగాయి. నాకు ఊహ తెలిశాక రెండు. కానీ వాటిలో కనిపెట్టడానికేమీ ఉండేది కాదు. ఎవరు చేశారో చెరువు గట్టు మీద బట్టలుతికే వాళ్ల దగ్గర్నుంచి అందరికీ తెలుసు. పోలీసులు అడిగితే మాత్రం ఎవరికీ తెలియదు. పల్లెటూళ్లో హత్యకి డిటెక్టివ్ ఎందుకు అనుకునేవాణ్ని.

ఈ జపాన్ ఆయన పల్లెటూరికే డిటెక్టివ్‌ని తెచ్చాడు. మనిషి పేరు కిందైచి కోసుకె. పాతికేళ్ల కుర్రాడు. నలిగిన కిమోనో, దాని మీద కుచ్చిళ్ల లాగులాంటి హకామా, దువ్వెన ఎరగని జుట్టు. ఆలోచన వస్తే తల బరబరా గోక్కుంటాడు, ఉత్సాహం ఎక్కువైతే మాట తడబడుతుంది. యుగంధర్ గారి ముందు కూర్చోబెడితే టీ తెచ్చే కుర్రాడనుకుంటారు. ఆయన మొదటిసారి కనిపించేది ఈ నవల్లోనే. హకుబి లైన్లో ఒక స్టేషన్లో దిగి, నది వైపు తాపీగా నడుచుకుంటూ వస్తాడు. జపనీస్ మూలంలో ఊళ్ల పేర్లు సగం రాసి గీత పెట్టారు, పాత పుస్తకాల్లో మర్యాదకి పెట్టినట్టు. కియొ- స్టేషను, కవా- గ్రామం.

నాకు ఆ గీతలు అక్కర్లేదు. అది కియొనె, ఇది కవాబె. నేనూ అక్కడే దిగాను.

*

దిగింది కావాలని కాదు.

ఎండాకాలం, ఒక ఆదివారం. సోజా అనే ఊళ్లో పొలాల మధ్య ఐదంతస్తుల పాత బౌద్ధ గోపురం ఉందని, చూసి తీరాలని మా హన్‌చో చెప్పాడు. హన్‌చో అంటే మా షిఫ్టు మేస్త్రీ. మిజుషిమ నుంచి ఊగుతూ పోయే చిన్న డీజిల్ రైలెక్కి కురాషికిలో దిగి, హకుబి లైన్ రైలెక్కాలి. కియొనె, ఆ తర్వాత సోజా. బోర్డు చదవడం రాదు, గార్డు ఏదో చెప్పాడు, నలుగురు దిగుతుంటే నేనూ దిగిపోయాను. రైలు వెళ్లిపోయింది. తర్వాతి బండికి చాలాసేపుందని టైంటేబుల్ అంకెలు చెప్పాయి. పడమటగా నది కనిపిస్తోంది. కృష్ణ ఒడ్డున పుట్టినవాణ్ని, నది కనబడితే కాళ్లు అటే పోతాయి.

తకహాషి నది. వెడల్పాటి ఇసుక, రాళ్లు, మధ్యలో పల్చటి నీళ్లు. వంతెన దాటేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. అవతల కవాబె. పాతకాలంలో పెద్ద రాజమార్గం మీది మజిలీ ఊరట, నాకు అప్పుడా సంగతి తెలియదు. నల్ల పెంకుటిళ్లు, వరి చేలు, వెనక కొండ మీద వెదురు. అక్కడి వెదురు మొలకలు ఆ ప్రాంతమంతా పేరున్నవి. వీధిలో పిట్ట లేదు. ఒక చిన్న భోజనహోటలు గుమ్మానికి నీలం గుడ్డ వేలాడుతోంది. తొలగించి లోపలికి వెళ్లాను.

లోపల ముగ్గురున్నారు. పొయ్యి దగ్గర యాభై ఏళ్ల ఆవిడ, నూడిల్స్ తింటున్న లారీ డ్రైవరు, పేపరు చదువుతున్న ముసలాయన. ముగ్గురూ ఒక్కసారిగా ఆగిపోయారు. నాకొచ్చిన నాలుగు మాటల్లోంచి రెండు తీశాను. "మిజు కుదసాయ్." నీళ్లివ్వండి. ఆవిడ బీరు కంపెనీ అక్షరాలున్న మందపాటి గ్లాసుతో నీళ్లిచ్చింది. గటగటా తాగాను. మళ్లీ నింపింది. మళ్లీ తాగాను. డబ్బులు తీస్తే చెయ్యి అడ్డంగా ఊపింది. దణ్ణం పెట్టి బయటికొచ్చాను. వెనక ఏ శబ్దమూ లేదు. పది అడుగులు వేశాక ముగ్గురూ ఒకేసారి మాట్లాడ్డం వినిపించింది.

మర్నాడు ఫ్యాక్టరీలో టీ బ్రేక్‌లో హన్‌చో నా పక్కన కూర్చుని, "నిన్న కియొనెలో దిగిపోయావట కదా. కవాబెలో నీళ్లు తాగావట. రెండు గ్లాసులు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆయన భార్య పుట్టిల్లు ఆ పక్కనే మాబిలో. హోటలావిడ ఎవరికో చెప్పింది, వాళ్లు ఈవిడ అన్నగారికి చెప్పారు, ఆయన రాత్రి ఫోన్ చేశాడు. మిజుషిమలో పనిచేసే భారతీయుడంటే నేనే అయ్యుంటానని తేల్చేశారు. ఒక్క రాత్రిలో. యుగంధర్ కూడా ఇంత తొందరగా తేల్చడు.

మా ఊళ్లో అయితే అంత చుట్టూ తిరగరు. బస్సు దిగగానే మొదటి అరుగు మీదే పట్టుకుంటారు. "ఎవరింటికి బాబూ? ఎవరి తాలూకు?" అది తేలేదాకా మంచినీళ్లు కూడా ఇవ్వరు. జపాన్ వాళ్లు నీళ్లిచ్చి, మనిషి వెళ్లాక తేల్చుకుంటారు. అంతే తేడా.

*

నవల్లో పెళ్లికి రెండ్రోజుల ముందు ఒక సాయంత్రం, ఊరి ఆఫీసుకి ఎదురుగా ఉన్న పూటకూళ్ల హోటలుకి ఒక కొత్త మనిషి వస్తాడు. నలిగిన టోపీ, మూతికి గుడ్డ. కుడిచేతికి మూడే వేళ్లు. అక్కడ కూర్చున్నది ముగ్గురు. హోటలావిడ, బండివాడు, ఆఫీసు గుమాస్తా. అతను మంచినీళ్లడుగుతాడు. తాగి, ఫలానా పెద్దింటికి దారెటు అని అడిగి వెళ్లిపోతాడు.

ఇది చదివినప్పుడు నాకు చేతుల మీద రోమాలు లేచాయి. మరి నేను వెళ్లిన హోటల్లో నిజంగానే ముగ్గురున్నారా, ఇది చదివాక నా జ్ఞాపకంలో ముగ్గురు కూర్చున్నారా? లారీ డ్రైవరైతే ఖాయంగా ఉన్నాడు, మెడలో తువ్వాలుతో సహా. ముసలాయన సంగతి మాత్రం ప్రమాణం చేసి చెప్పలేను.

నన్ను అసలు పట్టుకున్నది ఆ గ్లాసు. మూడు వేళ్ల మనిషి తాగిన గ్లాసుని ఆవిడ మళ్లీ వాడదు. ఒళ్లు జలదరించి, తీసి పక్కన పెడుతుంది. అలా పెట్టడం వల్లే తర్వాత దాని మీది వేలిముద్రలు పోలీసులకి దొరుకుతాయి. కథకి అదొక క్లూ. మామూలుగా చదివేవాళ్లు ఆహా అనుకుని పేజీ తిప్పేస్తారు.

నేను తిప్పలేకపోయాను. మా ఊరి సెంటర్లో టీ హోటలు ఉండేది. తాటాకు పందిరి, బొగ్గుల పొయ్యి, నల్లబడ్డ ఇత్తడి బాయిలరు. లోపల బల్ల మీద గాజు గ్లాసులు. బయట పందిరి గుంజకి నాలుగు మేకులు, మేకులకి సత్తు గ్లాసులు. అవి మాలపల్లె, మాదిగపల్లె వాళ్లవి. టీ ఒకటే, డబ్బులూ ఒకటే. వాళ్లు బయటే నిలబడి తాగి, వాళ్లే కడిగి, మేకుకి తగిలించి వెళ్లాలి. ఊళ్లో ఎవరూ దాన్ని వింతగా చూసేవాళ్లు కాదు. నేనూ చూడలేదు, ఎనిమిదేళ్లు వచ్చేదాకా.

ఒకరోజు చుట్టాలొస్తే టీ తెమ్మని మరచెంబు ఇచ్చి పంపారు. అది నిండాక అడుగున కాస్త మిగిలింది, తాగరా అన్నాడు హోటలాయన. గాజు గ్లాసులన్నీ ఎంగిలివి, తొట్లో ఉన్నాయి. నేను చెయ్యి చాచి మేకు మీది గ్లాసు తీసి పట్టాను. ఆయన ఆ ధ్యాసలో లేక పోసేశాడు. తాగేశాక చూసి పెద్దగా కేకేశాడు. నాకంటే ముందు ఆ కబురు ఇంటికి చేరింది. నాయనమ్మ గుమ్మంలోనే ఆపి, నూతి దగ్గరికి నడిపించి, బట్టలతోనే నాలుగు చేదలు నెత్తిన గుమ్మరించింది. మార్గశిర మాసం. పళ్లు కటకటలాడాయి.

మా పిన్ని అప్పుడు మా ఇంట్లోనే ఉండి టౌన్లో టీచరుగా చేసేది. తువ్వాలు తెచ్చి నా తల తుడిచింది. నాయనమ్మకి వినపడకుండా వంగి, "టీ బాగుందా?" అని అడిగింది.

*

హోన్‌జిన్ అంటే ఏమిటో నాకు తెలుసు. కవాబెకి పడమట యకాగె అనే ఊళ్లో పాత హోన్‌జిన్ ఇంకా నిలబడి ఉంది. ఒకసారి హన్‌చో కార్లో తీసుకెళ్లి చూపించాడు. షోగన్లనే సైనిక పాలకుల కాలంలో సామంత ప్రభువులు ఏడాది విడిచి ఏడాది 'ఎదో' అనే నగరానికి, అంటే ఇప్పటి టోక్యోకి, పరివారంతో వెళ్లి ఉండాల్సొచ్చేది. దారిలో వాళ్లు దిగే ఇల్లు హోన్‌జిన్. ఊళ్లో ధనవంతులు, పరువుగల వాళ్లు తమ ఇంటినే అలా నడిపేవాళ్లు. ప్రభువు కూర్చునే గది నేల మిగతా గదుల కంటే ఎత్తు. వీధి గుమ్మం చూపించి, "మా తాతలాంటి వాళ్లు దీంట్లోంచి అడుగుపెట్టలేదు" అన్నాడు హన్‌చో, కోపం లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు. తర్వాత అక్కడి యుబెషి అనే మిఠాయి కొనిపెట్టాడు. నారింజ జాతి పండు వాసన, జిగురు జిగురుగా. నాకు నచ్చలేదు, బాగుందన్నాను.

నవల్లోని ఇచియనాగి వాళ్లది అలాంటి ఇల్లు. ప్రభువులు పోయారు, రోజులు పోయాయి, వంశం మాత్రం మిగిలింది. పెద్దకొడుకు నలభై ఏళ్ల పండితుడు. అతను పెళ్లి చేసుకుంటానన్న కత్సుకో స్కూల్ టీచరు. చదువుకున్న పిల్ల, ఆస్తికీ లోటు లేదు, తండ్రీ బాబాయీ అమెరికాలో కష్టపడి సంపాదించుకొచ్చి పళ్లతోటలు వేశారు. కానీ వాళ్ల పెద్దలు ఒకప్పుడు కౌలు రైతులు. అంతే, ఇల్లంతా ఎదురు తిరుగుతుంది. పెళ్లిలో కోడలు కోటో వాయించడం ఆ ఇంటి ఆచారమట. మన పెళ్లిచూపుల్లో వీణ తెచ్చి ముందు పెట్టినట్టే.

మా పిన్నిని అలాగే కూర్చోబెట్టారు. గోదావరి అవతల నుంచి వచ్చిన సంబంధం. పాత భూస్వాముల ఇల్లు, చావిడి, లోగిలి, గోడ మీద తాతల పటాలు. అబ్బాయి మెతక మనిషి, పిన్ని అతనికి నచ్చింది. వీణ వాయించమన్నారు, వాయించింది. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను, అరిసెలు ఎప్పుడు పెడతారా అని. వాయించాక వాళ్ల పెద్దాయన మా తాతని అడిగాడు, "ఇంతకీ మీ తండ్రిగారి రోజుల్లో ఆ పొలం సొంతమేనా, ఎవరిదైనా చేసేవాళ్లా?" తాత అబద్ధమాడలేదు. కౌలుకి చేసేవాళ్లమండీ అన్నాడు. అరిసెలు తిన్నారు. వెళ్లాక ఉత్తరం రాస్తామన్నారు.

ఉత్తరం రాలేదు. పిన్ని వీణకి గుడ్డ చుట్టి అటక మీద పెట్టించింది. తర్వాత తోటి టీచర్ని చేసుకుంది, బాబాయ్ మంచివాడు, పిల్లలు బాగా స్థిరపడ్డారు. వీణ మాత్రం కిందికి దిగలేదు.

*

రాసినాయన గురించి కూడా కాస్త తెలుసుకున్నాను. యోకోమిజో 1902లో కోబెలో పుట్టాడు. మందుల చదువు చదివి, పత్రికా సంపాదకుడై, క్షయతో బాధపడ్డాడు. యుద్ధకాలంలో ప్రభుత్వానికి డిటెక్టివ్ కథలు నచ్చక ఆ రాతలు ఆగిపోయాయి. 1945లో బాంబులకి భయపడి కుటుంబంతో మాబిలోని ఒకదా పల్లెకి వలస వచ్చి మూడేళ్లున్నాడు. యుద్ధం అయిపోయిందని రేడియోలో విన్నప్పుడు, ఇక నా రోజులొచ్చాయి అనుకున్నాడట. దేశం ఓడిపోయి అందరూ ఏడుస్తుంటే! కానీ రాసేవాడికి అది నిజంగానే విడుదల. మరుసటి ఏడే ఈ నవల మొదలుపెట్టాడు. 1948లో జపాన్ డిటెక్టివ్ రచయితల సంఘం ఇచ్చిన మొట్టమొదటి బహుమతి దీనికే వచ్చింది.

నవల్లో కథ చెప్పేది కూడా అలా వలస వచ్చిన రచయితే. ఊరివాళ్లు ఒక్కొక్కరూ వచ్చి ఆ పాత హత్య గురించి చెప్తుంటారు. చాలా సహజంగా ఉంది అది. ఊరికి కొత్తగా వచ్చినవాణ్ని మొదట అనుమానిస్తారు, తర్వాత వాడికే అన్నీ చెప్పుకుంటారు. నాకూ అంతే జరిగింది, భాష రాకపోయినా. హన్‌చో తన ఇంటి గొడవలన్నీ నాకే చెప్పేవాడు. సగం అర్థమయ్యేది కాదు, అందుకే చెప్పేవాడేమో.

ఒక ఫిర్యాదు కూడా ఉంది. హత్య ఎలా జరిగిందో విప్పి చెప్పే భాగం నాకు ఒక పట్టాన బుర్రకెక్కలేదు. కాగితం మీద బొమ్మ వేసుకుని, దారాలు గీసుకుని, మళ్లీ మొదటికొచ్చాను. ఇంజినీరుగా చెప్తున్నాను, అది పనిచేస్తుందా అన్నది నాకింకా సందేహమే. ఎందుకు జరిగింది అన్నది మాత్రం ఒక్కసారికే అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేది.

2018 జులైలో ఆ మాబినే టీవీలో చూశాను. ఓడా నది తకహాషిలో కలవలేక వెనక్కి తన్ని, గట్టు తెగి, ఊరు ఊరంతా మునిగింది. పెంకుటిళ్ల కప్పులు మాత్రం తేలుతున్నట్టు కనిపించాయి. ఆ ఒక్క ప్రాంతంలోనే 51 మంది పోయారు, ఎక్కువమంది మేడ మెట్లు ఎక్కలేని ముసలివాళ్లు. హన్‌చోకి ఫోన్ చేశాను. వాళ్ల బావమరిది ఇంటి పైఅంతస్తు దాకా నీళ్లొచ్చాయట, మనుషులు ముందే బయటపడ్డారట. కవాబె హోటలు సంగతి అడిగాను. అది మూసేసి ఎన్నాళ్లో అయింది, ఆవిడా లేదు అన్నాడు. ఇప్పుడు ఏటా కిందైచి వేషాలు వేసుకుని జనం కియొనె స్టేషన్ నుంచి నడుస్తారట. మా అమ్మాయి ఫొటోలు చూపించింది. చిరుగు టోపీలు, హకామాలు, సెల్‌ఫోన్లు. అదే వంతెన.

*

ఆ హోటలుకి నేను రెండోసారి కూడా వెళ్లాను, నెల తర్వాత, హన్‌చోతో. ఆవిడ నన్ను గుర్తుపట్టి నవ్వింది. నాకు చేప లేకుండా ఏదో చేసిపెట్టడానికి చాలా అవస్థపడింది, చివరికి అన్నం, ఊరగాయ ముల్లంగి, వేయించిన వంకాయ పెట్టింది. హన్‌చోకి బీరు కంపెనీ గ్లాసుతో నీళ్లిచ్చింది. నాకు మాత్రం లోపలికెళ్లి, పై అరలోంచి వేరే గ్లాసు తెచ్చింది. పల్చటి గాజు, మీద నీలం చేప బొమ్మ. ఆ రోజు ఎంత సంతోషించానో. అల్లుడొస్తే వెండి గ్లాసు తీసినట్టు, నాకోసం ప్రత్యేకంగా తీసిందని ఇంటికి ఉత్తరం కూడా రాశాను.

ఇన్నేళ్ల తర్వాత, ఈ పుస్తకం చదివాక, ఆ గ్లాసు ఏ లెక్కలో తెచ్చిందో నాకు తెలియడం లేదు.

పిన్నికిప్పుడు ఎనభై రెండు. కళ్లు ఆపరేషన్ అయ్యాయి, అక్షరాలు పట్టవు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఈ నవల తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను, రోజుకి కాస్త. పేర్లు గుర్తుండవని ఆవిడే మార్చేసింది. పెద్దకొడుకు "పండితుడు", కిందైచి "తలగోకుడు". నాలుగో రోజే, "ఆ పిల్ల ఆ పెళ్లి మానుకోవాల్సిందిరా" అంది. నేనేమీ అనలేదు. కోటో గురించి చెప్తుంటే మాత్రం, తీగలెన్ని, మెట్లుంటాయా, శ్రుతి ఎలా చేస్తారు అని హత్య ఆపించి మరీ అడిగింది. మెట్లుండవు, ఒక్కో తీగ కింద విడి గుర్రముంటుంది, దాన్ని జరిపి శ్రుతి చేస్తారు అన్నాను. "మంచి పద్ధతే" అంది.

పద్నాలుగు రోజులు పట్టింది. ఆఖరి రోజు అంతా చెప్పేశాను. ఎవరు, ఎలా, ఎందుకు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకుని పిలిచాను.

"ఆ గ్లాసేమైందిరా?" అంది.

"ఏ గ్లాసు?"

"హోటల్లోది. మంచినీళ్లు తాగింది."

"పోలీసులు పట్టుకెళ్లారుగా పిన్నీ, వేలిముద్రలకి."

"అది చెప్పావులే. తర్వాత? ఆవిడకి తిరిగిచ్చారా? ఇస్తే, మళ్లీ దాంట్లో ఎవరికైనా పోసిందా?"

ఫోన్ చెవిన పెట్టుకునే పేజీలు వెనక్కి తిప్పాను, ముందుకి తిప్పాను.

"అది రాయలేదు పిన్నీ."

"రాయరు" అంది. గేటు దగ్గర పాలబ్బాయి కేకేస్తున్నాడు, గిన్నె తీసుకెళ్లాలని ఫోన్ పెట్టేసింది.